కాగితం మీద అంతా నార్మలే

రాత్రి తొమ్మిది దాటితే మా పెద్దమ్మకు మంచం మీద కాలు నిలవదు. పాత తుండుగుడ్డను రెండుగా చింపి పెట్టుకుంది. ఒక్కో ముక్కను ఒక్కో పిక్క చుట్టూ బిగించి ముడి వేస్తుంది. పావుగంట ఓర్చుకుంటుంది. తర్వాత ముడులు విప్పేసి, వసారాలో చల్లటి గచ్చు మీద చెప్పులు లేకుండా పచార్లు మొదలుపెడుతుంది. నడుస్తున్నంతసేపూ ఏమీ ఉండదు. వచ్చి పడుకున్న రెండు నిమిషాలకు మళ్లీ అదే. నొప్పా అంటే కాదంటుంది. తిమ్మిరా అంటే కాదంటుంది. మంట కూడా కాదు. "లోపలి నుంచి లాగుతున్నాయిరా, కదపకుండా ఉంటే పిచ్చెక్కుతుంది" అంటుంది.

ఈ 'లాగడం' అన్న మాట దగ్గరే ఆవిడ వైద్యం ఎనిమిదేళ్లు దారి తప్పింది. నాట్లు వేసి వచ్చినా కాళ్లు లాగుతాయి, పిక్కల్లో నరాలు ఉబ్బినా లాగుతాయి, షుగరు ముదిరినా లాగుతాయి. అన్నింటికీ మనకున్నది ఒకటే మాట. విన్న డాక్టరు తనకు తెలిసిన లాగుడుకు మందు రాస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ 'నరాల బలహీనత' అని బి12 సూదులు వేశాడు. (ఏ వైద్య గ్రంథంలోనూ లేకపోయినా ప్రతి తెలుగింట్లోనూ ఉండే జబ్బు అది.) ఎముకల డాక్టరు కాల్షియం ఇచ్చారు. మరొకరు నిద్రమాత్ర రాశారు. అది వేసుకున్న రాత్రులు పెద్దమ్మ పచార్లు మానలేదు సరికదా, మత్తులో తూలుతూ నడిచేది.

ఇది రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. దీన్ని తేల్చి చెప్పే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ లేదు, అడిగి తెలుసుకోవడమే. కాళ్లు కదపాలనే ఆపుకోలేని తహతహ ఉందా? కూర్చున్నా పడుకున్నా పెరుగుతోందా? లేచి నడిస్తే తగ్గుతోందా? పొద్దుగూకాక ఎక్కువవుతోందా? నాలుగింటికీ అవునని జవాబు వచ్చి, పిక్కలు పట్టెయ్యడం, కీళ్లనొప్పులు వంటివి కారణం కాదని తేలితే జబ్బు ఇదే. కుర్చీలో కూర్చుని అలవాటుగా కాళ్లు ఊపేవాళ్ల సంగతి వేరు. పెద్దవాళ్లు కసిరితే వాళ్లు ఆపగలరు.

జబ్బు కొత్తదేమీ కాదు. 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు దీన్ని వర్ణించాడు. చిత్రహింసల గదిలో పడేసినవాళ్లకు ఎంత నిద్ర పడుతుందో వీళ్లకూ అంతే పడుతుందని రాశాడు. ఇప్పుడు వాడుతున్న పేరు 1945లో స్వీడన్ నరాల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బొమ్ పెట్టినది. మరో ఎనిమిదేళ్లకు అదే దేశంలో నార్డ్‌లాండర్ అనే వైద్యుడు ఈ రోగులకు రక్తనాళంలోకి ఇనుము ఎక్కించి చూస్తే చాలామందికి ఉపశమనం కలిగింది. రక్తంలో ఇనుము సరిపడా ఉన్నట్టు కనిపించినా లోపలి కణజాలంలో కొరత ఉండవచ్చని ఆయన ఊహించాడు. ఈ కథలో నాకు అన్నిటికంటే వింతగా తోచేది ఇదే: సరైన దారి 1953లోనే కనపడింది, దాన్ని వదిలేసి వైద్యలోకం ఇంకో వైపు వెళ్లిపోయింది. అప్పటి ఇనుము ఇంజెక్షన్లు ఒక్కోసారి ప్రాణం మీదకు తెచ్చేవి, అదొక కారణం. మరో కారణం డోపమైన్, మెదడులో సంకేతాలు మోసే రసాయనం.

1982లో తుర్కియే వైద్యుడు షెవ్‌కెట్ అక్పినార్, పార్కిన్సన్ జబ్బుకు వాడే లెవోడోపా ఈ కాళ్లకూ పనిచేస్తోందని రాశాడు. దాని వెనకే డోపమైన్‌లా నటించే మందులు వచ్చాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జబ్బు కోసమే 2005లో రోపినిరోల్‌ను, 2006లో ప్రామిపెక్సోల్‌ను అనుమతించింది. పెద్దమ్మకు తొమ్మిదో ఏట ఒక నరాల డాక్టరు నాలుగు ప్రశ్నలూ అడిగి, నిద్రకు రెండు గంటల ముందు ప్రామిపెక్సోల్ 0.125 మిల్లీగ్రాములు వేసుకోమన్నారు. చిన్న తెల్ల మాత్ర, కందిబేడ కంటే చిన్నది. ఆ రాత్రి ఆవిడ పసిపిల్లలా నిద్రపోయింది. పొద్దున్నే నాకు ఫోను చేసి ఏడ్చింది.

ఈ మందుల అసలు చిక్కు ఆ మొదటి రాత్రిలోనే ఉంది. అంత సుఖం ఇచ్చిన మాత్రను ఎవరు అనుమానిస్తారు? ఏడాది తిరిగేసరికి ఒక మాత్ర చాలక రెండయ్యాయి. రాత్రి తొమ్మిదికి మొదలయ్యే తహతహ ఏడింటికి, తర్వాత సాయంత్రం నాలుగింటికే మొదలవసాగింది. మోకాళ్ల కింద ఉన్నది తొడలకు, అక్కడి నుంచి చేతులకు పాకింది. జబ్బు ముదురుతోందని మోతాదు పెంచారు. మోతాదు పెరిగినకొద్దీ జబ్బు ముదిరింది. నాలుగేళ్లకు రోజుకు ఒక మిల్లీగ్రాము దగ్గర తేలింది. ఈ జబ్బుకు అమెరికాలో అనుమతించిన గరిష్ఠ మోతాదుకు అది రెట్టింపు.

దీనికి వైద్యులు పెట్టిన పేరు ఆగ్మెంటేషన్. మనకైతే అంత పెద్ద మాట అక్కర్లేదు, కంచే చేను మేయడం. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ అలెన్, క్రిస్టఫర్ అర్లీ 1996లోనే దీన్ని బయటపెట్టారు. లెవోడోపా వాడుతున్న వాళ్ల రోగుల్లో 82 శాతం మందిలో ఇది కనిపించింది. ప్రామిపెక్సోల్ దానికంటే నెమ్మది, అంతే. 719 మందితో ఏడాది పాటు నడిపి 2014లో ప్రచురించిన పరీక్షలో 0.5 మిల్లీగ్రాముల ప్రామిపెక్సోల్ వేసుకున్నవారిలో 7.7 శాతం మందికి జబ్బు ఇలా ముదిరింది. నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్ వేసుకున్నవారిలో అది 2.1 శాతమే. ఏడాదికి దాదాపు ఎనిమిది శాతం చిన్న అంకెలాగే కనిపిస్తుంది. కానీ ఈ మందు ఒక ఏడాదితో ఆపేది కాదు, పదేళ్లు ఇరవై ఏళ్లు వాడేది. మరో సంగతి కూడా ఇంట్లోవాళ్లు తెలుసుకోవాలి. ఈ తరగతి మందులు కొందరిలో జూదం, అదుపులేని కొనుగోళ్ల వంటి వ్యసనాలను రేపుతాయి. ఫోనులో రమ్మీ ఆడే వీలున్న ఇంట్లో ఇది చిన్న హెచ్చరిక కాదు.

మందే జబ్బును ఎందుకు మేపుతుంది? మెదడులో డోపమైన్ తయారుచేసే ఎంజైముకు ఇనుము కావాలి. ఈ రోగుల వెన్నుద్రవంలో ఫెరిటిన్, అంటే ఇనుమును దాచిపెట్టే ప్రోటీను, తక్కువగా ఉంటోందని 2000లో తేలింది. చనిపోయాక దానం చేసిన మెదళ్లను పరిశీలించినప్పుడు కూడా డోపమైన్ కణాలు గూడు కట్టుకునే చోట ఇనుము కొరత కనిపించింది. రక్తంలో లేని కొరత మెదడులో ఉండవచ్చన్న మాట, నార్డ్‌లాండర్ ఊహ సరైనదేనన్న మాట. ఇనుము తక్కువైనప్పుడు డోపమైన్ వ్యవస్థ అంతా గాడి తప్పుతుంది. దాని మీద బయటి నుంచి రోజూ కృత్రిమ డోపమైన్ గుమ్మరిస్తే, అందుకునే గ్రాహకాలు తగ్గిపోతూ మొద్దుబారతాయనేది ఒక వివరణ. రాత్రి మందు పగటికి దిగిపోయాక, మునుపటికంటే లోతైన గొయ్యి మిగులుతుంది.

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ బండిని వెనక్కి తిప్పాయి. ప్రామిపెక్సోల్, రోపినిరోల్, లెవోడోపాలను మామూలుగా వాడవద్దన్నాయి. మొదటి వరుసలోకి గాబాపెంటిన్, ప్రీగాబలిన్‌లతో పాటు నరం ద్వారా ఎక్కించే ఇనుమూ వచ్చాయి. స్వీడన్ నుంచి ఇక్కడికి రావడానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

పెద్దమ్మ పాత రిపోర్టుల సంచీ తెచ్చి నేల మీద పరిచాను. ఆరేళ్ల కిందటి కాగితంలో ఒక వరుస: ఫెరిటిన్ 22. పక్కన మామూలు పరిధి 13 నుంచి 150. ముద్దక్షరాలు లేవు, నక్షత్రం లేదు. చివర ఎవరో పెన్నుతో 'నార్మల్' అని రాశారు. హిమోగ్లోబిన్ పన్నెండు దాటి ఉంది కాబట్టి రక్తహీనత లేదన్నారు, అది నిజమే. కానీ ఈ జబ్బుకు వాడే కొలత వేరు. పెద్దవాళ్లలో ఫెరిటిన్ 75 లేదా అంతకన్నా తక్కువ ఉన్నా, రక్తంలో ఇనుమును మోసే ప్రోటీను 20 శాతం కూడా నిండకపోయినా ఇనుము ఇవ్వాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 75 నుంచి 100 మధ్య ఉంటే నరం ద్వారానే. ల్యాబు ముద్రించిన పరిధికి ఈ కాళ్ల సంగతి తెలియదు. ఒంట్లో వాపో జ్వరమో ఉంటే ఫెరిటిన్ ఉత్తినే పెరిగి కూడా కనిపిస్తుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మంది రక్తహీనులు. రక్తహీనత దాకా రాకుండా ఇనుము నిల్వలు అడుగంటినవాళ్లు ఆ లెక్కలోకి రారు. నిండు నెలల్లో కాళ్లు లాగి నిద్రపట్టని గర్భిణులను 'మామూలేనమ్మా' అని పంపించే ముందు ఒక్క ఫెరిటిన్ పరీక్ష రాయడం పెద్ద పనేమీ కాదు.

ఇనుము మాత్రలతోనే సరిపోయేవాళ్లూ ఉన్నారు. కానీ ఒక మోతాదు పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును వదిలి, ఒక రోజు పాటు పేగు తలుపు కొంతమేర మూసేస్తుంది. అందుకే రోజు విడిచి రోజు వేసుకుంటే మాత్రకు మాత్ర ఎక్కువ ఒంటబడుతుంది. మాత్ర మీద టీ తాగితే సగం శ్రమ వృథా. పెద్దమ్మ ఏళ్ల తరబడి పరగడుపున ఆమ్లం తగ్గించే గ్యాసు మాత్ర వేసుకుంటోంది, అదీ ఇనుమును అడ్డుకునేదే. చివరికి ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ ఒక గ్రాము ఆసుపత్రిలో ఎక్కించారు. అరవై దాటిన మనిషిలో ఇనుము ఎందుకు పడిపోయిందో చూడాలని ముందే ఎండోస్కోపీ కూడా చేయించారు. అది వదిలేయకూడని పని. ఈ ఇంజెక్షన్ వల్ల కొందరిలో ఫాస్ఫేట్ పడిపోతుంది కాబట్టి ఆ పరీక్షా రాశారు. మర్నాడే గుణం కనిపించదు, మెదడుకు చేరడానికి వారాలు పడుతుంది. ఆరో వారానికి పచార్లు సగమయ్యాయి.

గ్యాసు మాత్ర సంగతి అంతటితో ఆగలేదు. ఆ గొట్టం మాత్రలో లెవోసల్పిరైడ్ కూడా కలిసి ఉంది. అది డోపమైన్‌ను అడ్డుకునే మందు. అంటే పొద్దున ఒక డాక్టరు రాసిన మందు డోపమైన్‌కు తలుపు వేస్తుంటే, రాత్రి ఇంకొకరు రాసిన మందు అదే తలుపు బాదుతోంది. ప్రీగాబలిన్ దగ్గరా ఇలాంటిదే. మన దుకాణాల్లో అది నార్‌ట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మందుతో కలిపిన మాత్రగా విరివిగా దొరుకుతుంది. ప్రీగాబలిన్ కాళ్లకు మంచిది, నార్‌ట్రిప్టిలిన్ ఈ తహతహను పెంచగల తరగతిలోది. జలుబుకు వేసుకునే మత్తు మాత్రలు, చాలా రకాల డిప్రెషన్ మందులు, వాంతుల మాత్రల్లో కొన్ని కూడా అంతే. ఈ జబ్బున్నవాళ్లు కొత్త చీటీ రాయించుకునేటప్పుడు ఈ ఒక్క సంగతి డాక్టరుకు నోరు తెరిచి చెప్పాలి.

గాబాపెంటిన్, ప్రీగాబలిన్‌లు అమృతమేమీ కావు. తల తిరుగుతుంది, ఒళ్లు వస్తుంది, ముసలివాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. అవి మూత్రపిండాల గుండానే బయటికి పోవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ కుర్చీలో నాలుగు గంటలు కదలకుండా కూర్చోవలసిన మనిషికి ఈ జబ్బు మిగతావాళ్లకంటే ఎక్కువగా వస్తుంది, అతనికే ఈ మందును మామూలు మోతాదులో ఇవ్వకూడదు. ఏదీ పనిచేయని తీవ్రమైన దశలో తక్కువ మోతాదు నల్లమందు జాతి ఔషధాలు వాడతారు. మన దేశంలో 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించినా, మెథడోన్ వంటివి సామాన్యుడి చేతికి అంత తేలిగ్గా అందవు.

ఇప్పుడు మిగిలింది ప్రామిపెక్సోల్‌ను దించడం. ఒక్కసారిగా ఆపితే రోజుల తరబడి కన్ను మూతపడదు, దిగులు కమ్ముకుంటుంది. అందుకని డాక్టరు గాబాపెంటిన్ మొదలుపెట్టి, కొన్ని వారాలకు ఒకసారి కొద్దికొద్దిగా కోస్తున్నారు. పెద్దమ్మ పీట మీద మాత్ర పెట్టి, బ్లేడుతో గీత వెంట కోసి, రాలిన పొడిని కూడా వేలికి అద్దుకుని నాకుతుంది. ఒక మిల్లీగ్రాము నుంచి పావుకు వచ్చింది. మొన్న శుక్రవారం ఇంకా దిగాల్సింది, దసరా తర్వాత చూద్దామని వాయిదా వేసింది. ఇంటికి చుట్టాలు వస్తున్నారట, వాళ్ల ముందు రాత్రంతా నడవడం ఆవిడకు ఇష్టం లేదు.