కొండలో విడిపోని చుట్టాలు

గ్రీన్‌లాండ్ దక్షిణ కొసన నార్సాక్ అనే చిన్న ఊరుంది. చేపలు పట్టుకుంటారు, చుట్టుపక్కల గొర్రెలు మేపుకుంటారు. ఆ ఊరి పక్కనున్న క్వానెఫ్యెల్డ్ కొండను తవ్వాలా వద్దా అన్నదే ముఖ్య విషయంగా మొత్తం దేశం ఓట్లేసింది. మోటార్ల అయస్కాంతాలకు కావలసిన రేర్ ఎర్త్ మూలకాలు అందులో దండిగా ఉన్నాయి. చిక్కేమిటంటే, వాటితోపాటు యురేనియం కూడా ఉంది.

ఈ రెండూ ఒకేచోట ఎందుకు చేరాయి? ఉప్పుమడిని చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నీరు ఇగిరేకొద్దీ ఉప్పు పేరుకుంటుంది, ఉప్పు గడ్డల్లో ఇమడనివన్నీ మిగిలిన చేదునీళ్లలో చిక్కబడతాయి. సుమారు 116 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ భూమి లోపల శిలాద్రవం చల్లారుతున్నప్పుడూ దాదాపు ఇదే జరిగింది. మామూలు ఖనిజాల్లో రేర్ ఎర్త్ అయాన్లు పట్టవు, అవి లావు. యురేనియానికీ, దానిలాగే రేడియోధార్మిక లోహమైన థోరియానికీ ఏమో విద్యుదావేశం ఎక్కువ. చోటు దొరకనివన్నీ చివరిదాకా ద్రవంలోనే ఉండిపోయాయి. సోడియం, ఫ్లోరిన్ ఎక్కువగా ఉండటంతో ఆ ద్రవం ఓ పట్టాన గడ్డకట్టలేదు. ఆఖరికి అన్నీ కలిసి స్టీన్‌స్ట్రుపిన్ అనే ఒకే ఖనిజంలో కాపురం పెట్టాయి. బియ్యంలో రాళ్లేరినట్టు యురేనియాన్ని ఏరిపారేయడం కుదరదు, రసాయనాలతో స్ఫటికాన్నే విరగ్గొట్టాలి. మన భీమిలి ఇసుకలోని మోనజైట్ ఖనిజంలోనూ రేర్ ఎర్త్‌లను థోరియం వదలదు.

యురేనియం తవ్వకూడదని 1988 నుంచి ఉన్న విధానాన్ని 2013లో గ్రీన్‌లాండ్ పార్లమెంటు 15-14 ఓట్లతో ఎత్తేసింది. ఒక్క ఓటు తేడా! 2021 ఏప్రిల్ ఎన్నికల్లో గని వద్దన్న ఇనుయిట్ అటాకటిగీట్ పార్టీ గెలిచింది. అదే ఏడాది నవంబరులో చట్టం చేసి, పది లక్షల పాళ్లలో 100 పాళ్ల యురేనియం దాటిన నిక్షేపాలను తవ్వకూడదని గీత గీశారు. క్వానెఫ్యెల్డ్ రాయిలో అది 300 దాకా ఉంటుంది. నాకైతే ఆ గీత సబబుగానే తోస్తుంది, దుమ్మూ వ్యర్థాలూ మిగిలేది ఊరివాళ్లకే కదా.

అదే శిలాద్రవంలో పుట్టిన మరో భాగం టాన్‌బ్రీజ్. అక్కడ రేర్ ఎర్త్‌లు యూడియలైట్ అనే ఎర్రటి ఖనిజంలో ఉన్నాయి, యురేనియం గీతకు బాగా కిందే. తవ్వకానికి 2020లోనే అనుమతి వచ్చింది. యూడియలైట్ ఆమ్లంలో ఇట్టే కరుగుతుంది, గ్రీకులో ఆ పేరుకు అర్థమూ అదే. కానీ కరిగిన సిలికా జావలా చిక్కబడి, కావలసిన లోహాలను తనలోనే పట్టేసుకుంటుంది.