దూరం ఒకటే, గంటలు వేరు

లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లడానికి విమానానికి సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణానికి ఏడు గంటలు చాలు, ఒక్కోసారి అంతకన్నా తక్కువే. ఎటు నుంచి కొలిచినా దూరం దాదాపు 5,550 కిలోమీటర్లే. మరి ఆ గంట ఎక్కడికి పోయింది? భూమి తిరగడం వల్లే ఈ తేడా అని చాలామంది నమ్ముతారు. నిజంగా విమానం కింద నేల తూర్పుకు జరిగిపోతూ ఉంటే, పడమరకు వెళ్లేవాళ్లే ముందుగా చేరాలి. జరిగేది దానికి తలకిందులు. భూమితో పాటు వాతావరణమూ, అందులో ఎగిరే విమానమూ కలిసే తిరుగుతాయి కాబట్టి భ్రమణం వల్ల నేరుగా వచ్చే లాభమూ లేదు, నష్టమూ లేదు.

తేడా తెచ్చేది గాలి. నేలకు సుమారు పది కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు ఎగిరే చోట, పడమర నుంచి తూర్పుకు జెట్ ప్రవాహాలనే వేగమైన గాలులు ఉరకలేస్తుంటాయి. ధ్రువాల వైపు చల్లదనానికీ ఉష్ణమండలపు వేడికీ మధ్య ఉన్న అంతరమే వాటికి బలం. అందుకే చలికాలంలో మరింత ఉద్ధృతంగా వీస్తాయి. జపాన్ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి 1920లలోనే బెలూన్లు ఎగరేసి ఈ గాలులను కొలిచారు. ఆ ఫలితాలను ఎస్పరాంటో అనే కృత్రిమ భాషలో ప్రచురించడంతో బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. అంత విలువైన పరిశీలన అలా మరుగున పడిపోవడం బాధాకరం.

2020 ఫిబ్రవరిలో, తుపాను వేళ, ఒక ప్రయాణికుల విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు ఐదు గంటల లోపే చేరింది. నేలతో పోలిస్తే దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా అది ధ్వని వేగాన్ని మించలేదు, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం మామూలుగానే ఉంది.

వెళ్లేటప్పుడు పోయినది వచ్చేటప్పుడు దక్కుతుంది కదా, లెక్క సరిపోతుందిలే అనిపిస్తుంది. సరిపోదు. గంటకు 900 కిలోమీటర్ల విమానం, 5,400 కిలోమీటర్ల దూరం అనుకుందాం. గాలి లేకపోతే రానుపోను 12 గంటలు. గంటకు 100 కిలోమీటర్ల గాలి వీస్తే, అనుకూలంగా 5 గంటల 24 నిమిషాలు, ఎదురుగా 6 గంటల 45 నిమిషాలు, మొత్తం 12 గంటల 9 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే పైచేయి.

ఇక దారి సంగతి. బీజింగ్, న్యూయార్క్ రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. చదునైన పటం చూసి ఆ అక్షాంశం వెంటే వెళితే 14,000 కిలోమీటర్లు దాటుతుంది. ఉత్తర ధ్రువానికి దగ్గరగా వెళ్లే మహావృత్తపు దారిలో, అంటే భూగోళాన్ని సరిగ్గా రెండు సగాలు చేసే వృత్తం వెంట, 11,000 కిలోమీటర్లే. గోళం మీద అతి దగ్గరి దారి పటంలో వంకరగా కనిపించడం నాకు ఎప్పుడూ అబ్బురమే.

ఆ దగ్గరి దారి ఎల్లప్పుడూ తెరిచి ఉండదు. 2022లో రష్యా గగనతలం మూతపడక ముందు ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటలు పట్టేది, ఆ తర్వాత సుమారు 13 గంటలకు పెరిగింది. రష్యాను చుట్టి వెళ్లక తప్పని ఆ విమానాలు కొన్నిసార్లు దక్షిణంగా మధ్య ఆసియా మీదుగా, కొన్నిసార్లు ఏకంగా ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరాయి.