క్యాంపస్‌కి అతిథి వస్తున్నారంటే: కొన్ని అపోహలు, వాస్తవాలు

విశ్వవిద్యాలయానికి వక్తల్నీ కళాకారుల్నీ పిలవడం, వాళ్లు వచ్చి వెళ్లేదాకా అన్నీ చూసుకోవడం నా పని. ఏటా కొత్త విద్యార్థి కమిటీ వస్తుంది, కానీ నమ్మకాలు మాత్రం పాతవే. వాటివల్ల ఇబ్బంది పడేది వేదికెక్కిన మనిషి, వినడానికి వచ్చిన పిల్లలు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పెద్ద పేరున్నవాళ్లను పిలిస్తే హాలు దానంతటదే నిండుతుంది.

పేరు చూసి పోస్టర్ దగ్గర ఆగుతారు, అంతే. వచ్చేదీ రానిదీ తేల్చేది ఆ రోజు ల్యాబ్ ఉందా, పరీక్షలు ఎంత దగ్గరలో ఉన్నాయి, కార్యక్రమం అయ్యాక ఇంటికి బస్సు దొరుకుతుందా అన్నవే. పాఠం చెప్పే అధ్యాపకులు "పోయిన వారం మనం చదివిన విషయం మీదే ఈవిడ మాట్లాడతారు, వెళ్లండి" అన్నారంటే అది వంద పోస్టర్ల పెట్టు. 600 సీట్ల హాల్లో వందమంది కూర్చుంటే వక్తకు ఖాళీ కుర్చీలే కనిపిస్తాయి. అదే వందమంది 120 సీట్ల గదిలో ఉంటే మాటకు ఊపు వస్తుంది. అందుకే నేను ఎప్పుడూ చిన్న గది వైపే మొగ్గుతాను.

ఘనమైన ఆడిటోరియం లేదని వెనకాడాల్సిన పని కూడా లేదు. 1946 మార్చి 5న విన్‌స్టన్ చర్చిల్ తన ‘ఇనుప తెర’ ప్రసంగం (ఐరోపా రెండుగా చీలిపోయిందని హెచ్చరించినది) చేసింది అమెరికాలోని వెస్ట్‌మిన్‌స్టర్ కాలేజీ వ్యాయామశాలలో. 1970 ఫిబ్రవరి 14న ద హూ అనే రాక్ సంగీత బృందం ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో కచేరీ చేసింది భోజనశాలలో.

అపోహ: సౌండ్ చెక్ పాడేవాళ్లకే. మాట్లాడేవాళ్లకు ఏదో ఒక మైకు ఉంటే చాలు.

కార్యక్రమాలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చేతిమైకు నోటి దగ్గర ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. మాటల్లో పడ్డాక వక్త చెయ్యి తెలియకుండానే కిందికి దిగుతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ మైకుకు అందే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకు 20కి జరిగిందంటే 12 డెసిబెల్స్ పోయినట్టే. వెనక వరస వాళ్లు "వినపడట్లేదు" అంటారు, సౌండ్ ఆపరేటర్ వాల్యూమ్ పెంచుతాడు. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మైకులో దూరి, మళ్లీ స్పీకర్లోంచి వచ్చి, కీచుమని కూత మొదలవుతుంది. వక్త ఉలిక్కిపడి మైకును ఇంకా దూరం పెడతారు. అక్కడినుంచి విషయం మీద ఎవరికీ ధ్యాస నిలవదు.

ఇదంతా ముందే తప్పించవచ్చు. స్పీకర్లు మైకు కంటే ముందు, సభ వైపు తిరిగి ఉండాలి. కాలర్ మైకు అయితే గడ్డానికి జానెడు కింద పెట్టాలి. గొలుసు, ఐడీ కార్డు దానికి రాసుకోకూడదు. బ్యాటరీ ఎప్పుడూ కొత్తదే వేయాలి. నేను వక్తను అరగంట ముందు వేదిక మీదికి తీసుకెళ్లి, ప్రసంగంలోని మొదటి రెండు వాక్యాలే చెప్పమంటాను. "హలో, మైక్ టెస్టింగ్" అనే గొంతు వేరు, మనస్ఫూర్తిగా మాట్లాడే గొంతు వేరు. ఇంకొకటి, మనుషులూ వాళ్ల బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి కాబట్టి ఖాళీ హాల్లో సరిచూసింది నిండిన హాల్లో మారిపోతుంది. ఆపరేటర్ చివరిదాకా మిక్సర్ (మైకుల శబ్దాన్ని సరిచేసే పెట్టె) దగ్గరే ఉండాలి.

అపోహ: కళాకారులకు అలవాటే, ఎక్కడైనా సర్దుకుంటారు.

సర్దుకుంటారు, నిజమే. కానీ ఆ భారం పడేది వాళ్ల ఒంటి మీద, వాద్యం మీద. కాంక్రీటు మీద కార్పెట్ పరిస్తే చూడ్డానికి వేదికలాగే ఉంటుంది. నర్తకి ఎగిరి దిగిన ప్రతిసారీ దెబ్బ మాత్రం మడమకు, మోకాలికి తగులుతుంది. కింద ఖాళీ ఉండి కాస్త లొంగే చెక్క నేల కావాలి. లైట్ల వేడికి లోహపు తీగ సాగి శ్రుతి దిగుతుంది. గాలిలో తేమ పెరిగితే చర్మవాద్యం వదులవుతుంది. అందుకే కార్యక్రమం వేళకు ఉండే ఏసీ, లైట్లే ముందునుంచీ వేసి, వాద్యాలను చాలాసేపు అక్కడ ఉంచనివ్వాలి.

బృందం ముందుగా పంపే టెక్నికల్ రైడర్‌ని, అంటే వేదిక అవసరాల పత్రాన్ని, గొంతెమ్మ కోరికల చిట్టాగా చూడటం నాకు బాధగా ఉంటుంది. అందులో ఉండేది ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరికి ఏ మైకు కావాలి అన్న సమాచారం. కండెన్సర్ మైకు (సన్నని శబ్దాన్నీ పట్టే రకం) అడిగారంటే సాధారణంగా దానికి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు తీగలోంచే వచ్చే కరెంటు, అందాలి. అది లేకపోతే మైకు పలకదు. ఈ సంగతి తెర లేచే గంటకు తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

అపోహ: అభిమానంతో వస్తున్నారు, డబ్బు మాట ఎత్తితే బాగోదు.

ఎత్తకపోతేనే బాగోదు. పారితోషికం ఎంత, టికెట్ మనం తీస్తామా లేక వాళ్లే కొని బిల్లు పెట్టాలా, డబ్బు ఎన్నాళ్లకు అందుతుంది అన్నవన్నీ మొదటి ఉత్తరంలోనే ఉండాలి. ఏమీ ఇవ్వలేకపోతే ఆ మాటా అందులోనే రాయాలి. సొంతంగా బతుకు నెట్టుకొచ్చే కవికీ వాద్యకారుడికీ మన దగ్గరికి రావడమంటే ఒక పనిదినం వదులుకోవడమే. ఫైలు కదల్లేదని నెలల తరబడి వాళ్లచేత ఫోన్లు చేయించుకోవడం అన్యాయం. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

అపోహ: ఎంతసేపు మాట్లాడితే అంత గిట్టుబాటు.

1947 జూన్ 5న హార్వర్డ్‌లో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్ యుద్ధానంతర ఐరోపా పునర్నిర్మాణానికి సాయం గురించి చేసిన ప్రసంగానికి పావుగంట కూడా పట్టలేదు. 2005 జూన్ 12న స్టాన్‌ఫర్డ్‌లో స్టీవ్ జాబ్స్ మాట్లాడిందీ ఇంచుమించు పావుగంటే, అదీ కాగితం చూసి చదివారు. అసలు సమయాన్ని తినేసేది పరిచయం. రెండు నిమిషాలు దాటనివ్వకండి.

అపోహ: పిలిచింది మనమే కాబట్టి రికార్డింగ్ మీద హక్కూ మనదే.

కాదు. ప్రదర్శకుల అనుమతి లేకుండా ప్రదర్శనను రికార్డు చేయడాన్ని అడ్డుకునే రక్షణ 1961 నాటి రోమ్ అంతర్జాతీయ ఒప్పందంలోనే ఉంది. చాలా దేశాల చట్టాల్లోనూ ఉంది. రికార్డు చేస్తామా, ఎక్కడ పెడతాం, ఎన్నాళ్లు ఉంచుతాం అన్నది రాతపూర్వకంగా అడగాలి. కొత్త రచన చదివే కవి వద్దంటే ఆ మాట గౌరవించాలి.

అపోహ: పిలిచామంటే ఆ అభిప్రాయాలు మనవే అయినట్టు.

ఆహ్వానం సమర్థన కాదు. చికాగో విశ్వవిద్యాలయం భావప్రకటన స్వేచ్ఛ మీద 2014లో వేసిన కమిటీ రెండు వైపులా చెప్పింది. కొందరికి రుచించని ఆలోచన అయినంత మాత్రాన చర్చను అణచకూడదు, అలాగే విమర్శించే స్వేచ్ఛ ఉన్నవాళ్లు ఇతరుల మాటను అడ్డుకోకూడదు. కాబట్టి గట్టి ప్రశ్నకు చోటివ్వాలి, మాట మధ్యలో ఆపేయడానికి కాదు. ఈ తేడాను సభ మొదట్లోనే సంధానకర్త చెబితే టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

అపోహ: ప్రశ్నలు రాలేదంటే పిల్లలకు ఆసక్తి లేదు.

చాలాసార్లు అది మొదట నోరు విప్పడానికి ఉండే జంకే. "పక్కవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడుకోండి, ఏం అడగాలనిపిస్తోందో చెప్పుకోండి" అంటే గది ఒక్కసారిగా గలగలమంటుంది. ఆ తర్వాత చేతులు లేస్తాయి. అడిగే విద్యార్థికీ మైకు ఇవ్వాలి. అందకపోతే వక్త ఆ ప్రశ్నను తిరిగి చెప్పాలి, లేదంటే వెనక కూర్చున్నవాళ్లకు జవాబు మాత్రమే వినిపిస్తుంది.