పరీక్ష హాలు గేటు దగ్గర చివరి దమ్ము: అపోహలు - వాస్తవాలు

పొగాకు మాన్పించే క్లినిక్‌లో కౌన్సెలింగ్ నా పని. ఏడాది పొడుగునా వచ్చేవాళ్లు మానడానికి వస్తారు. పెద్ద పరీక్షలకు రెండు మూడు వారాల ముందు వచ్చేవాళ్లు మాత్రం మానడం ఊసే ఎత్తరు. "మూడు గంటలు తాగకుండా ఎలా కూర్చోవాలి మేడం?" అంటారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబివ్వకుండా పాడైపోయిన ఊపిరితిత్తుల బొమ్మ చూపించి పంపేస్తే ఆ మనిషి మళ్లీ మా గుమ్మం తొక్కడు. అందుకే నీతులు పక్కన పెట్టి, నా ఎదురు కుర్చీలో ఎక్కువగా వినపడే మాటల్నే తీసుకుంటున్నాను.

అపోహ: ఒకటి తాగితే టెన్షన్ దిగుతుంది

దిగినట్టు అనిపించడం నిజమే. ఏ టెన్షన్ దిగుతోందన్నది చూడాలి. పీల్చిన పొగలోని నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. రక్తంలో దాని మోతాదు దాదాపు 2 గంటలకోసారి సగానికి పడిపోతుంది. పడిపోతున్నకొద్దీ చిరాకు, అసహనం, దేని మీదా మనసు నిలవకపోవడం మొదలవుతాయి. తరవాతి సిగరెట్ చల్లార్చేది ఈ చిరాకునే. పరీక్ష భయం ఎక్కడిదక్కడే ఉంటుంది. పైగా నికోటిన్ ఉత్తేజకం. గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. శాంతపరిచే మందు అలా పనిచేయదు.

పరీక్ష రోజు గేటు బయట జరిగేది వేరే కథ. మామూలు రోజుల్లో పొద్దున రెండు తాగే మనిషి ఆ రోజు గంటలో ఐదు తాగుతాడు. మధ్యలో రెండు కాఫీలు. కాసేపటికి గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పడం, బాత్రూముకు పరుగు. "నాకు ఎగ్జామ్ ఫియర్ చాలా ఎక్కువ మేడం" అని నా దగ్గరికి వస్తాడు. ఉండొచ్చు. కానీ ఇవన్నీ నికోటిన్, కెఫీన్ ఎక్కువైనా కనిపించే లక్షణాలే. భయం గురించి మాట్లాడే ముందు నేను ఆ పొద్దుటి లెక్క అడుగుతాను: ఎన్ని, ఎన్నింటికి, ఖాళీ కడుపున తాగారా అని. లెక్క చెబుతూ చెబుతూ మధ్యలో వాళ్లే ఆగిపోతారు.

కాబట్టి ఆ రోజు మామూలు లెక్క దాటకూడదు. ముందుజాగ్రత్తగా రెండు ఎక్కువ తాగి నిల్వ చేసుకుందామంటే కుదరదు. సగానికి పడిపోయే పని అదనంగా తాగినదానికీ వర్తిస్తుంది.

అపోహ: మూడు గంటలు తాగకపోతే నా బుర్ర పనిచేయదు

ఇక్కడ కొంచెం నిదానిస్తాను, ఎందుకంటే అందరూ భయపడేది దీనికే. యావ అనేది పూర్తిగా రక్తంలోని నికోటిన్ చేతిలో ఉందనుకుంటాం. అదే నిజమైతే రాత్రి ఏడెనిమిది గంటలు నిద్రపోయి లేచిన మనిషి మంచం దిగే స్థితిలో ఉండకూడదు.

రూవెన్ దార్ అనే ఇజ్రాయెల్ పరిశోధకుడు, ఆయన బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఈ విషయంలో నాకు చాలా ఇష్టం. సిగరెట్ తాగే విమాన సిబ్బందిని తీసుకున్నారు. ఒకే వ్యక్తి ఒకసారి కొద్ది గంటల ప్రయాణంలో, ఇంకోసారి పది గంటలు దాటే ప్రయాణంలో పనిచేస్తున్నప్పుడు యావ ఎంత ఉందో మధ్యమధ్యలో నమోదు చేయించారు. సిగరెట్ తాగి అన్నే గంటలైనా, చిన్న ప్రయాణంలో దిగే వేళ దగ్గరపడుతున్నప్పుడు యావ ఎక్కువగా ఉంది. పెద్ద ప్రయాణంలో అదే గంటకు అంత లేదు. అక్కడ కూడా దిగే సమయం దగ్గరపడ్డాకే పెరిగింది. తాగి ఎంతసేపయిందన్న దానికంటే, ఎంతసేపట్లో తాగొచ్చన్న ఆలోచనే ఎక్కువగా గుంజుతోందన్నమాట.

దీన్ని పరీక్ష హాలుకు తెచ్చుకుందాం. మధ్యలో బయటికి వెళ్లే వీలు లేదని మనసుకు ఖాయంగా తెలిస్తే, యావ చాలావరకు తల వంచుకుని కూర్చుంటుంది. "వీలైతే బాత్రూము నెపంతో వెళ్లి ఒక దమ్ము లాగొస్తా" అని ఒక కిటికీ తెరిచి పెట్టుకున్నవాడికే మూడు గంటలు నరకం. అతని కళ్లు పేపరు మీద ఉంటాయి, మనసు ఆ కిటికీ దగ్గర ఉంటుంది. ఆ కిటికీని ముందు రోజే మూసేయండి. ప్యాకెట్ బయట పెట్టిన బ్యాగులో కూడా వద్దు, ఇంట్లోనే వదిలేయండి.

రెండో పని, మాక్ టెస్టులు. చాలామంది మాక్ టెస్టు ఇంట్లో గంటన్నర రాసి, లేచి, ఒకటి తాగి వచ్చి మిగతాది పూర్తి చేస్తారు. మార్కులు బాగానే వస్తాయి. కానీ మెదడుకు నేర్పుతున్నది గంటన్నరకు లేవడమే. అసలు పరీక్ష ఏ వేళకు మొదలవుతుందో ఆ వేళకే కూర్చుని, పూర్తి సమయం కదలకుండా కనీసం నాలుగైదు సార్లు రాయండి. మొదటిసారి యావ ఎప్పుడు పుట్టిందో మార్జిన్‌లో చిన్న చుక్క పెట్టమంటాను. ఎక్కువమంది చుక్కలు గడియారాన్ని బట్టి కాదు, లెక్క తెగని చోట పడతాయి. ఒక్కో యావ సాధారణంగా కొద్ది నిమిషాల్లో దానంతటదే సద్దుమణుగుతుంది. ఆ ప్రశ్న వదిలి తేలికైనదానికి వెళ్లడం, నాలుగు నిదానమైన ఊపిర్లు, ఒక గుక్క నీళ్లు సరిపోతాయి.

అందరికీ ఇంతటితో తీరిపోదని ఒప్పుకుంటాను. నిద్ర లేచిన ఎన్ని నిమిషాలకు మొదటి సిగరెట్ వెలిగిస్తారని అడుగుతాం. నికోటిన్‌కు ఎంతగా అలవాటుపడ్డారో కొలిచే ఫాగర్‌స్ట్రామ్ ప్రశ్నావళిలో 5 నిమిషాల లోపే అన్నవాళ్లకు ఆ ప్రశ్నకు అత్యధికంగా 3 పాయింట్లు పడతాయి. వాళ్లకు నికోటిన్ ప్యాచ్ ఉపయోగపడుతుంది. హాల్లో నమలాల్సిన పని ఉండదు, ఎవరికీ కనపడదు. కానీ అది నెమ్మదిగా కొన్ని గంటల్లో ఎక్కుతుంది కాబట్టి గేటు దగ్గర అంటించుకుంటే లాభం లేదు. డాక్టరును అడిగి, మోతాదు తేల్చుకుని, మాక్ టెస్టు రోజున వేసి చూసుకోవాలి. నికోటిన్ గమ్ అయితే మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేస్తారు, ఎక్కిళ్లు, కడుపులో మంట వచ్చి "ఇది నాకు పడదు" అని పారేస్తారు. ఘాటు తెలిసేదాకా నమిలి, చెంపకూ చిగురుకూ మధ్య ఆనించి ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ, పండ్ల రసం తాగిన పావుగంట లోపు వేసుకుంటే అది సరిగా ఒంటబట్టదు.

అపోహ: పరీక్షకు రెండు రోజుల ముందు మానేస్తే బుర్ర తేటపడుతుంది

ఈ మాట చెప్పేవాళ్ల పట్టుదల నాకు నచ్చుతుంది. ముహూర్తమే నచ్చదు. మానేసిన కొద్ది గంటలకే ఇబ్బందులు మొదలై, రెండు మూడు రోజులకు తారస్థాయికి వెళతాయి. ఏకాగ్రత కుదరకపోవడం, నిద్ర పట్టకపోవడం, అకారణంగా కోపం, ఆకలి. పూర్తిగా సర్దుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. అంటే మొన్న మానినవాడు అన్నిటికంటే గడ్డు రోజున పరీక్షకు కూర్చుంటాడు. పరీక్షకు నెల పైన వ్యవధి ఉంటే ఇవాళే మానేయండి, అప్పటికి నిజంగానే తేటపడతారు. మానేసినవాళ్లలో ఆందోళన మొత్తం మీద తగ్గుతుందని పరిశోధనలు చూపిస్తున్నాయి. మూడు రోజులే ఉంటే పెంచకుండా, కొత్త ప్రయోగాలు చేయకుండా గడిపేయండి. ఈ మాట అన్నందుకు నా వృత్తిలోనే కొందరు నాతో ఒప్పుకోరు.

ఇప్పటికే మానేసి రెండో రోజో మూడో రోజో నడుస్తున్నవాళ్లు ఇది చదివి మళ్లీ వెలిగించకండి. ప్యాచ్ గురించి డాక్టరును అడగండి.

అపోహ: తాగుతూ చదివాను, తాగితేనే గుర్తొస్తుంది

దీనికి ఒక శాస్త్రీయమైన నీడ ఉంది. నేర్చుకున్నప్పుడు శరీరం ఏ స్థితిలో ఉందో, గుర్తు చేసుకునేటప్పుడూ అదే స్థితిలో ఉంటే మేలన్న ప్రయోగాలు కొన్ని మత్తు పదార్థాల మీద జరిగాయి. అయితే ఆ ప్రభావం ఏ ఆధారమూ లేకుండా గుర్తు చేసుకోమన్నప్పుడు కనపడేది, చిన్న ఆధారం అందిస్తే చాలావరకు మాయమయ్యేది. పరీక్షలో ప్రశ్నే ఆధారం కదా.

చదువుకునేటప్పుడు సిగరెట్ నిజంగా ఇచ్చినది విరామం. గంటకోసారి లేచారు, నాలుగడుగులు నడిచారు, కళ్లు పుస్తకం మీంచి తీశారు. మేలు వాటిది, పేరు సిగరెట్‌కు వచ్చింది.

అపోహ: వేప్ (ఈ-సిగరెట్) అయితే పరవాలేదు, నమిలే పొగాకు అయితే హాల్లోనూ కానిచ్చేయొచ్చు

నికోటిన్ ఉన్న వేప్‌తో వచ్చే దడ, తరవాతి గుంజుడు సిగరెట్‌తో వచ్చినవే. నమిలేదాంట్లో నికోటిన్ నెమ్మదిగా ఎక్కి ఎక్కువసేపు ఉంటుంది, నోటి క్యాన్సర్‌కు కారణమవుతుంది. నోట్లో ఊరేదాన్ని ఉమ్మడానికి హాల్లో చోటెక్కడ?

అలవాటు లేనివాళ్లకు ఇంకో మాట. నికోటిన్ ఏకాగ్రతను కాస్త పెంచుతుందన్నది పూర్తి అబద్ధం కాదు, ప్రయోగశాలల్లో చిన్న ప్రభావం కనపడింది. కానీ ఎప్పుడూ తాగనివాళ్లకు మొదటి సిగరెట్ ఇచ్చేది సాధారణంగా తలతిరుగుడు, వికారం, దగ్గు. స్నేహితుడు ఎంత ప్రేమగా ఇచ్చినా వద్దు.

అపోహ: కాఫీ ఎంత ఎక్కువైతే అంత మెలకువ

సిగరెట్ తాగేవాళ్లకు కాఫీతో తెలియని బంధం ఒకటుంది. పొగలోని కొన్ని రసాయనాలు కాలేయంలో కెఫీన్‌ను విరగ్గొట్టే ఎంజైమును చురుగ్గా చేస్తాయి. దాంతో వాళ్ల ఒంట్లోంచి కెఫీన్ త్వరగా పోతుంది, తాగనివాళ్ల కంటే ఎక్కువ కాఫీ తట్టుకుంటారు. సిగరెట్ మానేశాక ఎంజైము నెమ్మదిస్తుంది. అవే నాలుగు కప్పులు తాగుతూ ఉంటే రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు కావొచ్చు. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. "మానేస్తే ఇంత అవస్థా" అని మళ్లీ వెలిగిస్తారు, తప్పు కాఫీదైనా. మానేటప్పుడు కాఫీని సగానికి తగ్గించండి.

రాత్రి చదువుకు కాఫీ పెట్టుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గింది. అలాగని రోజూ తాగే పొద్దుటి కాఫీని పరీక్ష రోజున త్యాగం చేయకండి. అలవాటైన కెఫీన్ ఆగిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది.

అపోహ: ముందు రాత్రి కాస్త మందు వేస్తే హాయిగా నిద్రపడుతుంది

కన్ను త్వరగా మూతపడుతుంది. రాత్రి రెండో సగంలో నిద్ర ముక్కలవుతుంది, తెల్లవారేసరికి నోరెండిపోయి లేస్తారు. రోజూ ఎక్కువగా మద్యం తాగేవాళ్లు మాత్రం పరీక్ష కోసమని ఒక్కసారిగా సొంతంగా ఆపకండి. మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

రాత్రంతా మేలుకోవడం కూడా మత్తు లాంటిదే. 17 గంటలకు పైగా మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుకు దగ్గరగా ఉంటుందని ప్రయోగాల్లో తేలింది. నిద్ర పట్టకపోతే పట్టకపోయింది, దీపం ఆపి ఊరికే పడుకోండి. ఒక్క రాత్రి తగ్గిన నిద్రతో పరీక్ష రాసి గట్టెక్కినవాళ్లు బోలెడుమంది. ఎవరో ఇచ్చిన నిద్రమాత్రో, చేతుల వణుకు తగ్గించే ప్రొప్రనొలాలో మొదటిసారి ఆ రోజు వేసుకోవడమే అసలు ముప్పు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రొప్రనొలాల్ ప్రమాదకరం.

గోళ్లు కొరకడం, కాలు ఊపడం గురించీ అడుగుతారు. కొరుక్కోండి, ఊపుకోండి, పక్కవాళ్ల బల్ల కదలకుండా చూసుకోండి చాలు.

అపోహ: పరీక్ష అయిపోగానే మానేస్తా

పరీక్ష తరవాత ఫలితాల ఎదురుచూపు, ఆ తరవాత ఇంటర్వ్యూ, అదీ అయితే కొత్త ఉద్యోగం టెన్షన్. అందుకే పరీక్షకు ముందే మానే తేదీ రాయించుకుంటాను, క్లినిక్ అపాయింట్‌మెంట్ ఆ తేదీకి ముందుకే ఇస్తాను. సిగరెట్ యావ తగ్గించే వరెనిక్లిన్ లాంటి మాత్రలు మానే తేదీకి ఒక వారం ముందు మొదలుపెట్టాలి. వికారం, వింత కలలు రావొచ్చు కాబట్టి పరీక్షల వారంలో మొదలుపెట్టించను.

ఇంకొకటి అడుగుతాను. గేటు దాటగానే వెలిగించేది అన్నిటికంటే రుచిగా ఉంటుంది. మూడు గంటల గుంజుడు, గండం గడిచిన సంతోషం రెండూ దాని ఖాతాలో పడి అలవాటు ఇంకాస్త బిగుసుకుంటుంది. దాన్ని ఒక గంట వాయిదా వేయమంటాను, అంతే. పోయినసారి ఒకబ్బాయి వచ్చి చెప్పాడు: "బయటికొచ్చి పేపరు గురించి మాట్లాడుకుంటూ మర్చిపోయాను మేడం, బస్సెక్కాక గుర్తొచ్చింది. అప్పటికి నాలుగున్నర గంటలైంది." మొదటిసారి వచ్చినప్పుడు గంటన్నర కూడా ఆగలేనన్న మనిషి. అతని ఫైల్లో ఆ పాత అంకె పక్కనే ఇది కూడా రాసుకున్నాను.