హవై‘ఇ మాటలు: మన నోరు ఎక్కడ తడబడుతుందంటే

అమెరికాలోని హవై‘ఇ (మనం ‘హవాయి’ అనేది) రాష్ట్రంలో, ఒ‘అహు దీవిలో టూరిస్టు గైడ్‌గా పనిచేస్తున్నాను. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవులకు ఇక్కడికి బాగానే వస్తుంటాయి. వ్యాన్ ఎక్కగానే బోర్డుల మీది హవై‘ఇ భాష మాటలు చదవడం మొదలుపెడతారు, దాంతో కొన్ని అపోహలూ బయటికొస్తాయి. కింద ‘ గుర్తు కనిపించిన ప్రతిచోటా గొంతు ఒక్క క్షణం ఆపి చదవండి. ఎందుకో రెండో అపోహ దగ్గర చెబుతాను.

అపోహ: ఇంగ్లిష్ అక్షరాలే కదా, ఇంగ్లిష్‌లాగే చదివేస్తే సరి.

లిపి ఇంగ్లిష్‌దే, అచ్చులు మాత్రం కావు. అ, ఎ, ఇ, ఒ, ఉ, వాటి దీర్ఘాలు, అంతే. హొనొలులు నుంచి కొండ దాటి కానె‘ఒహె వెళ్లే హైవే పేరును కొత్తవాళ్లు ‘లైక్‌లైక్’ అని చదువుతారు. అది లికెలికె. ఒకప్పుడు ఈ దీవులను ఏలిన కలాకౌఅ రాజు చెల్లెలైన యువరాణి పేరు. ఇక్కడ రెండు హల్లులు పక్కపక్కన రావు కాబట్టి తెలుగులో రాసుకుంటే ఒత్తులే అక్కర్లేదు. అందరూ భయపడే రాష్ట్ర చేప పేరు కూడా అలా రాసుకుంటే లొంగుతుంది: హుముహుము నుకునుకు ఆపుఅ‘అ.

అపోహ: మనదీ అజంత భాషే, వాళ్లదీ అజంతమే. తెలుగువాళ్లకు ఉచ్చారణ దానంతటదే వచ్చేస్తుంది.

సగం నిజం. ఎ-ఏ, ఒ-ఓ తేడా మనకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు దానికోసం తంటాలు పడతారు. మనం పడేది ఇంకోచోట. రెండు అచ్చులు పక్కపక్కన కనిపిస్తే తెలుగు నోరు ఊరుకోదు, మధ్యలో ఒక యకారమో వకారమో పెట్టేస్తుంది. మా అమ్మ మాయమ్మ అయినట్టు, ఈ రాష్ట్రం మన పేపర్లలో ‘హవాయి’ అయింది, ఒ‘అహు ‘ఒవాహు’ అయింది.

కానీ అక్కడ ఖాళీ లేదు, హల్లు ఉంది. దాని పేరు ‘ఒకిన. గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకునే శబ్దం అది. హ, క, ల, మ, న, ప, వ తర్వాత ఎనిమిదో హల్లు. పిల్లాడు వేడి గిన్నె ముట్టుకోబోతుంటే ‘అ! అ!’ అని తుంచి అంటాం చూడండి, ఆ రెంటి మధ్య తెగే చోటే ఇది. అలంకారం అనుకుని వదిలేస్తే అర్థమే మారిపోతుంది: లానై అంటే హోటల్ గది బాల్కనీ, లాన‘ఇ అంటే పక్కనున్న దీవి.

‘ఒకిన లేని చోట మాత్రం అంత పట్టింపు అక్కర్లేదు. ఇరైవన్ శివాలయం ఉన్న కౌఅ‘ఇ దీవి పేరునే తీసుకోండి. ‘కౌ’ తర్వాత కాస్త వకారం వినిపించినా తప్పు లేదు, చివరి ‘ఇ’ ముందు యకారం పెడితేనే తప్పు.

అపోహ: డబ్ల్యూ కనిపిస్తే ‘వీ’ అనే పలకాలి.

ఇ, ఎ తర్వాత ‘వీ’ లాగా, ఉ, ఒ తర్వాత ‘డబ్ల్యూ’ లాగా పలుకుతారు. మిగతా చోట్ల రెండూ వినిపిస్తాయి. మన ‘వ’ ఆ రెంటికీ మధ్యలోనే ఉంటుంది, టెన్షన్ వద్దు.

అపోహ: అలొహ (నమస్తే), మహలొ (థ్యాంక్స్) వస్తే చాలు.

మర్యాదకు చాలు. (చెత్తడబ్బా మీద ‘మహలొ’ అని ఉంటే అది ‘చెత్త’ కాదు, అందులో వేసినందుకు థ్యాంక్స్.) తిరగడానికి కావలసినవి వేరే. మౌక అంటే కొండ వైపు, మకై అంటే సముద్రం వైపు. ఇక్కడివాళ్లు దారి చెప్పేటప్పుడు ఉత్తరం, దక్షిణం కంటే ఇవే ఎక్కువ వాడతారు. రెస్ట్‌రూమ్ తలుపు మీద వహినె ఉంటే ఆడవాళ్లది, కానె ఉంటే మగవాళ్లది. గేటు మీద కపు అని ఉంటే లోపలికి వెళ్లకూడదు. ఫొటో కోసం కూడా.

అపోహ: ఇప్పుడు ఎవరూ మాట్లాడని భాష ఇది.

ఈ మాట ఇక్కడివాళ్ల ముందు మాత్రం అనకండి. 1896 చట్టం బడుల్లో బోధన ఇంగ్లిష్‌లోనే జరగాలంది. తర్వాతి తరాల పిల్లలు ఇంటి భాషకు దూరమయ్యారు. 1978లో రాష్ట్ర రాజ్యాంగం దీన్ని ఇంగ్లిష్‌తో పాటు అధికార భాష చేసింది. 1984లో కౌఅ‘ఇలోని కెకహలో హవై‘ఇ భాషలోనే నడిచే తొలి పూనన లెఒ శిశుబడి మొదలైంది, 1987 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఈ మాధ్యమం వచ్చింది. ని‘ఇహౌ దీవిలో అయితే ఇది తరం తెగకుండా ఇంటి భాషగానే నిలిచింది. అక్కడ చాలాచోట్ల ‘క’ బదులు ‘త’ వినిపిస్తుంది. రెండూ పాత ఉచ్చారణలే. 1826లో మిషనరీలు అక్షరాలు ఖరారు చేసినప్పుడు ‘క’ను ఉంచి ‘త’ను తీసేశారు.

అపోహ: పిజిన్ అంటే వచ్చీరాని హవై‘ఇ భాష.

కాదు. చెరకు తోటల్లో రకరకాల దేశాల కూలీల మధ్య పుట్టి పెరిగిన వేరే భాష. టూరిస్టులు దాన్ని అనుకరిస్తే వెక్కిరించినట్టే ఉంటుంది.

అపోహ: ఇక్కడ ఉండేవాళ్లంతా హవైయన్లే.

కాలిఫోర్నియాలో ఉంటే కాలిఫోర్నియన్ అన్నట్టు కాదిది. ఆ మాట ఈ దీవుల మూలవాసుల సంతతికే చెల్లుతుంది. నేను ఎన్నేళ్లున్నా హవైయన్‌ని కాను. ఇక్కడ స్థిరపడ్డవాళ్లను కమ‘ఆఇన అంటారు. హోటళ్లలో ‘కమ‘ఆఇన రేట్’ అని బోర్డు చూసి మనవాళ్లు ఆశగా అడుగుతుంటారు. అది స్థానికులకిచ్చే తగ్గింపు, ఇక్కడి ఐడీ చూపించమంటారు.