మెడలో బిళ్ళ: కెరటిన్ పరీక్ష ఏం చెబుతుంది?

మెడ పక్కన నొప్పి లేని బిళ్ళ కట్టి, వారాలు గడిచినా తగ్గకపోతే మన వైద్యులు ముందుగా క్షయను అనుమానిస్తారు. ముక్క తీసి చూశాక అది క్షయ కాదు, కణితి అని తేలితే అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. ముక్కు వెనుక, గొంతు పైభాగాన పుట్టే ఒక రకం కార్సినోమా (అవయవాలను కప్పే పొరల్లో పుట్టే కేన్సరు) తరచు మెడలోని లింఫ్ గ్రంథుల వాపుగానే మొదట బయటపడుతుంది. దాని కణాలు తమ సహజ రూపాన్ని కోల్పోయి లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల గుంపులో కలిసిపోవడం వల్ల మామూలు రంగుల్లో చూస్తే లింఫోమాలాగే, అంటే ఆ లింఫోసైట్లలోనే పుట్టే కేన్సరులాగే కనిపించవచ్చు. మొదటిదానికి ప్రధాన చికిత్స రేడియేషన్, రెండవదానికి ఎక్కువగా కీమోథెరపీ. కనుక ఇక్కడ పొరబడితే రోగికి జరిగే నష్టం చిన్నది కాదు.

ఈ చిక్కును విడదీసేది కెరటిన్. ఆ పేరు వినగానే గోళ్ళు, వెంట్రుకలు గుర్తుకొస్తాయి కానీ, చర్మం, శ్వాసనాళాలు, పేగుల లోపలి పొర వంటి ఉపకళా కణజాలమంతటా ఈ కుటుంబపు ప్రోటీన్లు సన్నని పోగులుగా అల్లుకుని కణాలకు బిగువునిస్తాయి. అక్కడ పుట్టిన కేన్సరు కణం ఎంత వికృతంగా మారినా సాధారణంగా ఈ పోగులను వదులుకోదు. ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పొదిగి, సుమారు 4 మైక్రాన్ల మందాన కోసిన పొరను ముందుగా వేడిచేస్తారు. ఫార్మలిన్ కప్పివేసిన ప్రోటీన్ భాగాలు దానితో మళ్ళీ తెరుచుకుంటాయి. ఆపైన ఏఈ1, ఏఈ3 అనే మోనోక్లోనల్ యాంటీబాడీల (ఒక్కో లక్ష్యాన్నే పట్టుకునేలా తయారుచేసిన ప్రోటీన్ల) మిశ్రమం వేస్తే అవి కెరటిన్‌ను పట్టుకుంటాయి, తరువాత చేర్చే ఎంజైము ఆ చోట గోధుమ రంగును నిలుపుతుంది. ఇటువంటి యాంటీబాడీల తయారీకి కోలర్, మిల్‌స్టీన్ 1975లో దారి చూపారు.

అయితే గోధుమ రంగు కనబడగానే కార్సినోమా అని రాసేయకూడదు. ఆరోగ్యకరమైన లింఫ్ గ్రంథిలోనే గ్రంథి చట్రాన్ని నిలిపే కొన్ని రెటిక్యులమ్ కణాలు కెరటిన్‌ను చూపగలవు. సైనోవియల్ సార్కోమా వంటి, ఉపకళకు చెందని కణితులూ చూపగలవు. అందుకే రంగు పట్టినవి ఆ అనుమానాస్పద కణాలేనా అన్నది పాథాలజిస్టు కంటితో తేల్చుకోవాలి. లింఫోసైట్లను గుర్తించే సీడీ45 పరీక్షను కూడా పక్కనే చేయించాలి. పెద్ద కణాలు కెరటిన్‌కు రంగు పట్టి, సీడీ45కు పట్టకపోతే, ముక్కు వెనుక పుట్టే ఆ కార్సినోమాతో తరచు ముడిపడి ఉండే ఎప్‌స్టీన్–బార్ వైరస్ ఆర్‌ఎన్‌ఏ కూడా వాటిలో కనిపిస్తే, ఎండోస్కోపుతో ముక్కు వెనుక భాగాన్ని వెతకమని నివేదికలో ధైర్యంగా రాయవచ్చు.