బోన్ స్కాన్ చేయించుకుంటే ఒంట్లో ఏం మిగులుతుంది?

అపోహ: స్కాన్ కోసం ఎక్కించే టెక్నీషియం అనే రేడియోధార్మిక మూలకం రెండు లక్షల సంవత్సరాలు శరీరంలోనే ఉండిపోతుంది.

వాస్తవం: రేడియో రసాయన శాస్త్రంలో పనిచేస్తూ నేను విన్న పుకార్లలో ఎక్కువ కీడు చేసేది ఇదే, క్యాన్సర్ ఎముకలకు పాకిందో లేదో వెంటనే తెలుసుకోవలసినవారు దీన్ని నమ్మి పరీక్షను వాయిదా వేసుకుంటారు. రోగికి ఇచ్చేది టెక్నీషియం-99ఎం. దాని అర్ధాయువు, అంటే ఉన్న పరమాణువుల్లో సగం క్షయమవడానికి పట్టే సమయం, 6 గంటలు. మూత్రంలో పోయినది లెక్కలోకి తీసుకోకపోయినా మర్నాటికి మిగిలేది పదహారో వంతు. రెండు లక్షల పైచిలుకు సంవత్సరాల అర్ధాయువు అది క్షయమయ్యాక ఏర్పడే టెక్నీషియం-99ది. అర్ధాయువు ఎంత దీర్ఘమైతే పరమాణువులు అంత నింపాదిగా క్షయమవుతాయన్న సంగతిని పుకారు పుట్టించినవారు వదిలేశారు. 740 మెగాబెక్వెరెల్ (సెకనుకు 74 కోట్ల క్షయాలు) మోతాదులో ఉండే టెక్నీషియం-99ఎం దాదాపు 4 నానోగ్రాములు. అదంతా టెక్నీషియం-99గా మారి ఒంట్లోనే నిలిచిందనుకున్నా సెకనుకు క్షయమయ్యేవి రెండు మూడు పరమాణువులు. టెక్నీషియం-99ఎంను అందించే ‘జనరేటర్’ అనే పరికరం నుంచి దాంతోపాటే వచ్చే టెక్నీషియం-99ను కలిపితే ఇది కొన్ని రెట్లు పెరుగుతుంది, అంతే. మనం తినే తిండిలోని పొటాషియం-40 వల్ల పెద్దవారి శరీరంలో సెకనుకు సుమారు నాలుగు వేల క్షయాలు ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి.

మల్కాజిగిరిలో మా పక్కింటి పిన్నిగారు స్కాన్‌కు ముందు, "ఇక మనవణ్ణి ఎత్తుకోకూడదటగా బాబూ?" అని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ ఒక్కరోజు పసిపిల్లలకూ గర్భిణులకూ కాస్త ఎడంగా ఉండి, నీళ్లు బాగా తాగి, తరచూ మూత్రవిసర్జన చేస్తే చాలని, మర్నాడు మనవణ్ణి నిశ్చింతగా ఎత్తుకోవచ్చని చెప్పాను. ఆవిడ భయాన్ని తప్పుపట్టలేను. సీసపు కవచంలోని సిరంజితో వచ్చిన టెక్నీషియన్ మందు ఎక్కించి చప్పున తప్పుకుంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. అతను ఏడాది పొడవునా అదే పని చేయాలి కనుక తప్పుకుంటాడు. గర్భం ఉన్నా, పాలిస్తున్నా మాత్రం ఇంజెక్షన్‌కు ముందే చెప్పి తీరాలి.

థైరాయిడ్ క్యాన్సర్‌కు పెద్ద మోతాదులో ఇచ్చే అయోడిన్-131 సంగతి వేరు. అది చికిత్స, అర్ధాయువు 8 రోజులు. అందుకే ప్రత్యేక గదిలో ఉంచుతారు. ఆ జాగ్రత్తలను బోన్ స్కాన్‌కు అంటగట్టకూడదు.

ఇక నేను వినే మరో అపోహ, ప్రయోగశాలలో సృష్టించే అతిభార మూలకాలతో బాంబులు చేస్తారన్నది. రష్యాలోని దుబ్నాలో కాలిఫోర్నియం-249పై కాల్షియం-48 అయాన్లను ప్రయోగించి సృష్టించిన 118వ మూలకం ఒగనెసాన్ అర్ధాయువు మిల్లీసెకనులోపే, దొరికిన పరమాణువులు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే. వీటిపై జరిగేది రసాయన పరిశోధన: 2001లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఏడంటే ఏడు పరమాణువులతో, 108వ మూలకం హాసియం కూడా ఆవర్తన పట్టికలో తన పైనున్న ఆస్మియం లాగే ఆవిరయ్యే టెట్రాక్సైడ్ (నాలుగు ఆక్సిజన్ పరమాణువులున్న సమ్మేళనం) ఇస్తుందని తేల్చారు.